భుజం తట్టేవరకు

మిల్లు ఆఫీసులో ఆ రోజు జరిగిన పోట్లాటను నేను కళ్లారా చూశాను. నేనప్పుడు మడత సెక్షన్‌లో పనిచేసేదాన్ని. మడతపెట్టిన బట్టల తాను ఒకటి చూపించి రమ్మంటే వెళ్లాను. లోపల కొత్త ఇన్‌ఛార్జి ముందు మా ఆడపడుచు నడుం మీద చెయ్యి వేసుకొని నిలబడి ఉంది. మగ్గాల షెడ్డు ఆడవాళ్లు కాసేపు నడుం వాల్చే గదిలోని ఫ్యాన్‌ను ఆ పెద్దమనిషి విప్పించి తన నెత్తిమీద బిగించుకున్నాడు. గొడవ దాని గురించే.

"ఫ్యాన్ ఎప్పుడు బిగిస్తారు సార్?" అంది.

ఆయన ముందు నవ్వాడు. తర్వాత రూల్సు చెప్పాడు. ఆమె కదలకపోయేసరికి బల్ల గుద్ది అరిచాడు, పని పీకేస్తానని బెదిరించాడు. ఆయనకు పెదాలు కనబడనంత మీసం. కోపమొస్తే అది ఊడ్చి ఊడ్చి అరిగిన చీపురులా నిక్కబొడుచుకునేది. మేమంతా ఆ మీసం కదిలితేనే హడలిపోయేవాళ్లం. మా ఆడపడుచు మాత్రం రెప్ప వేయకుండా ఆయన్నే చూస్తూ, ఆయన ఊపిరి కోసం ఆగినప్పుడల్లా అదే మాట అడిగింది.

"అదంతా సరే సార్. ఫ్యాన్ ఎప్పుడు బిగిస్తారు?"

ఆ తిట్లకు ఇంకొకరైతే భూమిలోకి కుంగిపోయేవారు. ఆమెకు చీమ కుట్టినట్టయినా లేదు. చివరికి ఆయనే అలిసిపోయి, చెమట తుడుచుకొని, వైర్‌మన్‌కు కబురు పెట్టాడు. నిచ్చెన మోస్తూ వైర్‌మన్, ఫ్యాన్ రెక్కలు చంకలో పెట్టుకొని ఆమె, ఇద్దరూ పెళ్లివారిలా షెడ్డు వైపు నడిచారు.

"ఎంత గుండెనిబ్బరమే నీకు! అన్ని మాటలన్నాడు, ఒక్కటీ ఒంటికి పట్టించుకోలేదు" అన్నాను బయటికొచ్చాక.

"పట్టించుకుంటే ఫ్యాన్ వచ్చేదా వదినా?" అంది.

ఆ పోట్లాటను నేను ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. మా ఆయన చెల్లెలు కాబట్టి నాకూ అందులో ఓ వాటా ఉన్నట్టే చెప్పుకునేదాన్ని.

మిల్లులో ఆమెను అందరూ సైరన్ అనేవారు. గొంతు అలాంటిది. ఆమె వంటింట్లో ఉండి మంచినీళ్లు కావాలా అని అడిగితే వీధి చివర వాళ్లకు దాహమేసేది. మొగుడు పోయాక ఒక్కగానొక్క కూతుర్ని ఆ మగ్గాల మీదే పెంచి, పెళ్లి చేసింది. మగ్గాల షెడ్డంటే ఏమిటో చూడనివాళ్లకు చెప్పడం కష్టం. ఆ చప్పుడు చెవిలోకి వచ్చేది కాదు, ఎముకల్లోకి వచ్చేది. పక్కనున్న మనిషి నోరంతా తెరిచి అరిచినా వినబడదు. అందుకని అక్కడివాళ్లు చేతులతో, పెదాలతో మాట్లాడుకునేవారు. పోగు తెగిందని చెప్పాలంటే వేలు విరిచినట్టు చూపిస్తారు. పైపెదవి మీద మీసం మెలేసినట్టు చూపిస్తే ఇన్‌ఛార్జి వస్తున్నాడని అర్థం. ఎవరి మొగుడు ఎలా తాగొచ్చాడో, ఎవరి కోడలు ఎంత గయ్యాళో, అన్నీ ఆ చేతులతోనే నడిచేవి. మా మడత సెక్షన్ పక్కనే కాబట్టి ఆ భాష నాకూ కొంచెం పట్టుబడింది.

ఆ షెడ్డులో ఓ కట్టుబాటు ఉండేది. కరెంటు పోతే ఎక్కడివాళ్లు అక్కడే నిలబడిపోవాలి. కిటికీలు లేని షెడ్డు, కరెంటు పోతే కాటుక చీకటి. మళ్లీ కరెంటు వచ్చిందంటే బెల్టులన్నీ ఒక్కసారిగా లాగుతాయి. చీకట్లో తడుముకుంటూ కదిలిన మనిషి కొంగో చెయ్యో అందులో పడితే ఇక చెప్పడానికేమీ ఉండదు. అలా ఒకావిడ పోయాకే ఆ కట్టుబాటు వచ్చిందట. వాళ్ల మేస్త్రమ్మ టార్చిలైటు పట్టుకొని, ఒక్కో మగ్గం స్విచ్చి ఆపుకుంటూ వచ్చి, మనిషి భుజం తడుతుంది. భుజం మీద చెయ్యి పడ్డాక, వెనక్కి తిరగకుండా ఒక అడుగు వెనక్కి వేయాలి. అప్పుడే కదలడం. అంతవరకు పిడుగు పడినా కదలకూడదు. కొత్తగా చేరిన పిల్లలకు మగ్గం నేర్పకముందు ఇది నేర్పేవారు.

మొన్నీమధ్యే మా ఆడపడుచు మిల్లు మానేసింది. కూతురికి పాప పుట్టింది. ఆ పిల్ల బట్టల షాపులో పనిచేస్తుంది. సెలవు అయిపోయింది, ఇక సోమవారం నుంచి పనికి వెళ్లాలి. పొద్దున్నే పాపను తెచ్చి అమ్మమ్మ దగ్గర వదిలి, సాయంత్రం తీసుకెళ్లాలని తల్లీకూతుళ్లు అనుకున్నారు. ఇంట్లో పగలంతా ఆమె, చంటిపిల్ల, అంతే. వేరే ఎవరూ లేరు.

"నీ అదృష్టమే అదృష్టం. మనవరాలితో ఆడుకుంటూ కూర్చుంటావు" అన్నాను.

"ఊఁ" అంది. అంత పెద్ద గొంతులోంచి అంత చిన్న ఊఁ ఎప్పుడూ వినలేదు నేను. అలవాటైన పని మానేసిన దిగులు కాబోలు అనుకున్నాను.

సోమవారం ముందటి ఆదివారం మిల్లు ఆడవాళ్లంతా వ్యాన్ మాట్లాడుకున్నారు. ఊరికి దూరంగా కొండమీద పాత రాతి గుడి ఒకటుంది. ఎప్పటిదో ఎవరికీ తెలియదు. పొద్దున పూజారి వచ్చి దీపం పెట్టి వెళ్లిపోతాడు. ఆ తర్వాత మధ్యాహ్నం దాకా ఓ కాపలా మనిషి చూసుకుంటాడు, ఎండ ముదరగానే తాళం వేసి సాయంత్రం తీస్తాడు. సైరన్‌కు వీడ్కోలుగా ఉంటుంది, దేవుడి దర్శనమూ అవుతుందని మేస్త్రమ్మ ఏర్పాటు చేసింది. మేస్త్రమ్మ సంగతి ఏం చెప్పమంటారు, గోడతో పోట్లాడినా చివరికి గోడదే తప్పని తేలుస్తుంది. మనిషి బొద్దుగా, మనసు మెత్తగా ఉంటుంది. నన్ను కూడా రమ్మంది.

వ్యాన్‌లో మా ఆడపడుచు నా పక్కనే కూర్చుంది. ఎర్ర చీర కట్టుకుంది. వెనక సీట్లలో నవ్వులు, ఏడిపించుకోవడాలు.

"సైరన్ మానేసింది కదా, ఇక షిఫ్టు ఎప్పుడయిందో మిల్లుకెలా తెలుస్తుందే?" అని ఎవరో అన్నారు. అందరూ విరగబడి నవ్వారు. ఈమె కిటికీలోంచి బయటికే చూస్తూ ఉండిపోయింది. మామూలుగా అయితే ఒకటికి నాలుగు వడ్డించేది. ఆమె చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. బయట ఎండ మండిపోతోంది.

కొండ ఎక్కాక గుడి చూడగానే నాకెందుకో ఒళ్లు జలదరించింది. నల్లటి రాయి, వానలకు అరిగి ముక్కులూ కళ్లూ పోయిన విగ్రహాలు. గుడి వెనకే కొండ తెగినట్టు ఆగిపోతుంది, కిందకు చూస్తే కళ్లు తిరిగే లోతు. అక్కడ కంచె కూడా లేదు. గర్భగుడి చుట్టూ ప్రదక్షిణకు దారి ఉంది కానీ, అది గోడల మధ్య ఇరుకు సందు. ఒక మనిషి వెనక ఒక మనిషే పోవాలి. ఎక్కడో ఒక బల్బు వెలుగుతోంది, అంతే. నాకు ఇరుకంటే చిన్నప్పటినుంచీ ప్రాణం మీదికొస్తుంది. గుడి బయటినుంచే దేవుడికి దండం పెట్టేసుకున్నాను.

"నేను కిందికి పోతానే. నా మోకాళ్లు ఈ రాళ్ల మీద నిలబడనివ్వట్లేదు" అన్నాను.

"వెళ్లు వదినా. నేను కాస్త మొక్కుకోవాలి, నిదానంగా వస్తా" అంది. ఆ మొక్కేమిటని నేను అడగలేదు. మిగతావాళ్ల వెనక, అందరికంటే చివర, ఆమె ఎర్ర చీర ఆ సందులోకి పోవడం చూసి నేను దిగి వచ్చేశాను.

వ్యాన్ డ్రైవర్ కొండ కింద నీడ చూసి ఆపాడు. కాసేపటికి ఆడవాళ్లు గుంపులు గుంపులుగా దిగారు. లోపల కరెంటు పోయిందట, ఒకటే నవ్వుతున్నారు.

"కరెంటు పోగానే అందరం బొమ్మల్లా నిలబడిపోయాం తెలుసా! ఈ పాడు అలవాటు చచ్చినా పోయేలా లేదు. ఆ కాపలా ఆయన బయటికి రండమ్మా, మూసేస్తున్నా అని అరిచాడు. అప్పుడు నేను, ఒసేయ్ ఇది షెడ్డు కాదే, గుడి, నడవండి అని అరిస్తేగానీ ఒక్కతీ కదల్లేదు" అంది మేస్త్రమ్మ.

అందరూ నీడల్లో అక్కడక్కడా కూర్చొని అన్నం డబ్బాలు విప్పారు. కొందరు వ్యాన్‌కు ఇటు, కొందరు అటు. ఆమె అటువైపు కూర్చుందనుకున్నాను. తింటూ ఉన్నాను. అన్నం సగంలో ఉండగా నాకు లోపల ఏదో తేడాగా అనిపించింది. ఏమిటో తెలియలేదు. చెట్ల మీద పిట్టలు కూడా వినబడుతున్నాయి. డబ్బా మూతల చప్పుడు, ఎవరో గ్లాసు కడుగుతున్న చప్పుడు వినబడుతున్నాయి. ఇంత నిశ్శబ్దం ఎక్కడిది? సైరన్ ఉన్నచోట పిట్టల చప్పుడు వినబడటమేమిటి?

లేచి వ్యాన్ చుట్టూ తిరిగాను. లేదు.

"మా ఆడపడుచు ఏదే?"

"నీ దగ్గర లేదా?"

"నీ వెనకే కదా లోపలికి వచ్చింది!"

"బయటికొచ్చేటప్పుడు ఎవరు ఎవరి వెనకున్నారో ఆ చీకట్లో ఎవరికి తెలుసమ్మా!"

అన్నం డబ్బా అక్కడే వదిలేశాను. ఉన్నవాళ్లం ఉన్నట్టు పైకి ఎక్కాం. నా మోకాళ్లు అప్పుడు నొప్పెట్టాయో లేదో నాకు తెలియదు. కాపలా మనిషి గుడి పక్కన తన గుడిసెలో నిద్రకు సిద్ధమవుతున్నాడు. తలుపుకు తాళం వేలాడుతోంది.

"లోపల మా మనిషి ఉండిపోయిందయ్యా, తలుపు తీయి."

"లోపల ఎవరూ లేరమ్మా. తలుపు దగ్గర నిలబడి గొంతు చించుకొని మరీ అరిచాను. ఆగి విన్నాను కూడా. గబ్బిలాలు తప్ప ఏమీ లేదు."

మేమంతా ఆ తలుపు సందుకు నోరు పెట్టి అరిచాం. పిన్నీ, అక్కా, సైరన్, ఎవరి పిలుపు వాళ్లం పిలిచాం. లోపలి రాయి మా గొంతులే మాకు తిప్పి కొట్టింది. వేరే ఏ చప్పుడూ లేదు. ఆ గొంతు ఉన్న మనిషి లోపల ఉంటే పలక్కుండా ఉంటుందా? అందరికీ అదే ఆలోచన. అందరి చూపులూ గుడి వెనక్కి తిరిగాయి. అక్కడ కొండ ఆగిపోయే చోటికి.

"అటు వెళ్లిందేమో" అని ఎవరో గొణిగారు. మేస్త్రమ్మ అక్కడే కూలబడి ఏడుపు మొదలుపెట్టింది. "నేనే కదే తీసుకొచ్చాను" అని తల కొట్టుకుంటోంది.

డ్రైవర్ అంచు దాకా వెళ్లి, పొట్ట మీద పడుకొని కిందికి చూశాడు. చాలాసేపు చూశాడు. తల ఎత్తినప్పుడు అతని మొహంలో రంగు లేదు.

"కింద పొదలో ఎర్రగా ఏదో ఉంది" అన్నాడు.

మా ఆయనకు ఏం చెప్పాలి, ఆ పిల్లకు ఏం చెప్పాలి, రేపు పొద్దున పాపను ఎవరి చేతుల్లో పెడుతుంది, ఇవన్నీ ఒక్కసారే వచ్చి మీద పడ్డాయి. ఎలా వెళ్లానో తెలియదు, నేనూ ఆ అంచుకు పాకాను. తల వంచి చూశాను. ఎండకు కళ్లు బైర్లు కమ్మాయి. పొదలో ఎరుపు గాలికి ఒకసారి కదిలింది. ఇంకోసారి కదిలింది. అప్పుడు దాని అంచు విప్పుకుంది. చీర కాదది, ఎప్పుడో కొట్టుకొచ్చిన టార్పాలిన్ ముక్క. నేనక్కడే కళ్లు మూసుకొని కాసేపు పడి ఉన్నాను.

లేచి వస్తుంటే గుడి మెట్ల పక్కన చెప్పులు కనబడ్డాయి. అందరివీ పోయాయి, ఒక్క జత మిగిలింది. మడమ దగ్గర అరిగి, ఒకవైపు తీగతో కుట్టుకున్న చెప్పులు. ఆమెవి.

"చూడండి, చెప్పులు ఇక్కడే ఉన్నాయి. ఈ బండ మీద అరికాలు పెడితే కాలిపోతుంది. చెప్పుల్లేకుండా ఎవరైనా ఎక్కడికెళ్తారు? లోపలే ఉంది. తాళం తీయవయ్యా" అన్నాను.

కాపలా ఆయనకు కోపమొచ్చింది. "లోపలే ఉంటే ఇంతమంది అరిచారు కదమ్మా, పలకదా? మీ మనిషికేమైనా చెవుడా ఏంటి?"

మా ఆడవాళ్లు కస్సుమన్నారు. "నోరు అదుపులో పెట్టుకో!" అని మేస్త్రమ్మ ఏడుపు మధ్యలోనే అరిచింది.

చెవుడన్న ఆ మాట మాత్రం నా లోపల ఎక్కడో పడి, అక్కడున్నవన్నీ కదిపింది. ఆమె కూతురు ఎప్పుడూ అనే మాట గుర్తొచ్చింది. "అమ్మ ఫోన్ ఎత్తదు అత్తా, ఎన్నిసార్లు చేసినా." ఇంటికి వెళ్లినప్పుడల్లా తలుపు బార్లా తీసి ఉండటం గుర్తొచ్చింది, కొట్టే పని లేకుండా. పొద్దున వ్యాన్‌లో అందరూ నవ్వుతుంటే కిటికీ వైపు తిరిగి కూర్చున్న ఆ వీపు గుర్తొచ్చింది. షెడ్డులో అందరూ పెదాలతో మాట్లాడేవాళ్లే, ఎవరికి వినబడుతుందో ఎవరికి వినబడదో అక్కడ ఎవరికి కావాలి? ఇన్‌ఛార్జి గదిలో ఆమె ఎంత ధైర్యంగా నిలబడిందో అని మురిసిపోయాం. ఆ మీసం వెనక పెదాలు కనబడలేదు ఆమెకు. ఆయన అన్నదాంట్లో ఒక్క ముక్క కూడా ఆమెదాకా వెళ్లలేదు.

ఆమె లోపలే ఉంది. కరెంటు పోయింది, చీకటి పడింది, ఆమె నిలబడిపోయింది. బయటికి రమ్మన్న అరుపు ఆమెకు చేరలేదు. ఎవరో ఒకరు వచ్చి భుజం తడతారని నిలబడి ఉంటుంది. ఎవరూ రాలేదు.

"తాళం తీయి" అన్నాను. నా మొహంలో ఏం చూశాడో, ఆయన మారుమాట లేకుండా నడుముకున్న తాళంచెవి తీశాడు.

తలుపు తెరవగానే చల్లటి గాలి, గబ్బిలాల కంపు ఒక్కసారిగా మొహాన కొట్టాయి. కరెంటు ఇంకా రాలేదు. ఆ సందులో మేస్త్రమ్మ పట్టదు. మిగతావాళ్లు ఒకరినొకరు చూసుకుంటున్నారు. డ్రైవర్ తన ఫోన్ లైటు వేసి అందించాడు. "నేను రానా పెద్దమ్మా?" అన్నాడు. వద్దన్నాను. ఆమెను ఎలా ఉండగా చూడాల్సొస్తుందో నాకు తెలియదు. ఎలా ఉన్నా మా ఇంటి మనిషి.

సందులోకి అడుగు పెడితే రెండు భుజాలకూ రాయి తగిలింది. ఊపిరి ఆడలేదు. నేను పీల్చే గాలి కూడా ఇంకెవరో నా చెవిలో పీలుస్తున్నట్టుంది. ఫోన్ వెలుగు వణుకుతోంది, దానితోపాటు గోడల్లోని విగ్రహాలు కూడా వణుకుతున్నాయి. మొహాలు అరిగిపోయిన ఆ బొమ్మలు ఒక్కొక్కటీ పక్కనుంచి వచ్చి నన్ను చూసి వెళ్తున్నట్టుంది. కాలి కింద తడి. పడిపోయి ఉంటే కాలికి తగులుతుందేమోనని, తగలకూడదని దేవుడికి మొక్కుతూ పాదం ఈడ్చుకుంటూ పోయాను. గర్భగుడి వెనక మలుపు తిరిగాను.

ఎర్ర చీర. నిలబడి ఉంది.

గోడకేసి మొహం, ఒక అరచెయ్యి రాతికి ఆనించి ఉంది. ముందు మగ్గం ఉన్నట్టే నిలబడి ఉంది. నా చేతిలో వెలుగు ఆమె ముందున్న గోడమీద పడింది, ఆమె నీడ ఆ గోడమీద పెద్దదై ఊగింది. ఆమె అది చూసే ఉండాలి. అయినా తిరగలేదు.

"ఏమే" అన్నాను.

కదల్లేదు.

ఆమె వీపు వెనకే నిలబడి గట్టిగా పిలిచాను. నా పిలుపు ఆ సందంతా తిరిగి మళ్లీ నా దగ్గరికే వచ్చింది. ఆమె మెడ మీద వెంట్రుక కూడా కదల్లేదు. అన్ని రోజులూ ఒక్క కంచంలో తిన్నట్టు బతికిన మనిషి, నా గొంతుకు అంత దూరంలో ఉంది. నాకప్పుడు వేసినంత భయం కొండ అంచున కూడా వేయలేదు.

చెయ్యి చాచి భుజం తట్టాను.

ఆమె వెనక్కి తిరగకుండా ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ తర్వాత నామీదికి ఒరిగిపోయింది. వెలుగు నా మొహం మీదికి తిప్పుకొని, నేనేనని తెలిసేలా చూపించాను. ఆమె నా పెదాల వైపే చూస్తూ, తడారిన గొంతుతో అడిగింది.

"పాప ఏడ్చిందా వదినా?"

"పాప ఇక్కడెక్కడుందే? వాళ్లమ్మ దగ్గరుంది" అన్నాను, నోరు బాగా తెరిచి, నెమ్మదిగా. ఆ క్షణంలో నేను మాట్లాడిన తీరు చూసి, నాకు తెలిసిపోయిందని ఆమెకు తెలిసిపోయింది. కొంగు పట్టుకొని బయటికి నడిపించుకొచ్చాను.

వెలుగులోకి రాగానే మనిషి మారిపోయింది. చీర సర్దుకుంది, జుట్టు ముడి బిగించుకుంది. మేస్త్రమ్మ వచ్చి కావలించుకొని ఏడుస్తుంటే గుడి దద్దరిల్లేలా అంది.

"ఏంటే ఈ శోకాలు? మీలాగా దేవుడికి ఓ దండం విసిరేసి అన్నం డబ్బాల మీదికి పరిగెత్తుతాననుకున్నారా? మొక్కుకుంటున్నా. మొక్కుకునేటప్పుడు ఎవరు పిలిచినా పలకను!"

"ఓసి నీ మొక్కు మండ! మా ప్రాణాలు తీశావు కదే!" అని మేస్త్రమ్మ ఏడుస్తూనే నవ్వింది. అందరూ నవ్వారు. "సైరన్‌కి భక్తి ముదిరిందే!" అని ఒకరు. "సన్యాసం పుచ్చుకుంటుందేమో" అని ఇంకొకరు. డ్రైవర్ ఫోన్ అతనికి ఇచ్చేశాను. కాపలా ఆయన మాత్రం తాళం వేస్తూ ఆమె వైపు, నా వైపు చూశాడు. నేను చూపు తిప్పుకున్నాను.

తిరుగు దారిలో వ్యాన్ పెట్రోల్ బంకు దగ్గర ఆగింది. అందరూ వెనక సీట్లలో కునుకుతున్నారు. ఆమె నా చెయ్యి పట్టుకొని దింపి, గాలి కొట్టే మిషన్ దాటి, టైర్లు పేర్చి ఉన్న గోడ వెనక్కి తీసుకెళ్లింది. ఎవరూ లేరని అటూ ఇటూ చూసింది. తన గొంతు ఎంత పెద్దగా వస్తుందో తనకు తెలియదని నాకప్పుడే అర్థమైంది. వేలు నా పెదాల మీద పెట్టి, "నేను గట్టిగా మాట్లాడితే ఇలా చెయ్యి" అన్నట్టు చూపించి మొదలుపెట్టింది.

"ఎప్పట్నుంచి?" అని అడిగాను.

"తెలీదు వదినా. కొంచెం కొంచెంగా పోయింది. మిల్లులో ఉన్నంతకాలం లోటు తెలియలేదు. ఇప్పుడు చప్పుడంటే ఒంట్లో అదురుగానే తెలుస్తుంది."

"కూతురికి?"

తల అడ్డంగా ఊపింది. కళ్లు నా మొహం మీదినుంచి కదలటం లేదు.

"మొన్న అది పాపను నాకప్పగించి కాసేపు బయటికెళ్లింది. ఊయల్లో పడుకోబెట్టి నేను వంటింట్లో గిన్నెలు తోముకుంటున్నాను. వీపు అటు పెట్టి. ఎంతసేపు తోమానో. ఎందుకో వెనక్కి తిరిగి చూశాను. వదినా, పాప మొహం నల్లబడిపోయి ఉంది. నోరు ఇంత తెరిచి ఉంది, ఊపిరి అందట్లేదు. గుడ్డ మెడకు చుట్టుకుంది. తీసి ఎత్తుకున్నాను, కాసేపటికి తేరుకుంది. అది ఎప్పట్నుంచి ఏడుస్తోందో నాకు తెలీదు. నా వెనక, నాలుగు మూరల దూరంలో."

బంకులో ఏదో లారీ హారన్ కొట్టింది. నేను ఉలిక్కిపడ్డాను, ఆమె ఉలిక్కిపడలేదు.

"ఇవాళ దేవుడికి అదే మొక్కుకున్నాను, నాకు చెవులు తిరిగిరావాలని. కళ్లు మూసుకొని మొక్కుకొని తెరిచేసరికి చీకటి. కళ్లు కూడా పోయాయనుకున్నాను. అలా నిలబడితే, ఎవరూ రాకపోతే, ఎలా ఉంటుందో నాకిప్పుడు తెలుసు వదినా. పాప కూడా అలాగే కదా నా కోసం చూసింది."

"మరి నువ్వే చెప్పవే దానికి. కన్నకూతురేగా, తిడుతుందా?"

"తిట్టదు. నవ్వుతుంది. 'నీకేంటమ్మా, నువ్వు సైరన్‌వి' అంటుంది. ఆ నవ్వు చూస్తే నా నోరు పడిపోతుంది. ఎన్నిసార్లు అనుకున్నానో. దానికి నేనొక్కదాన్నే దిక్కు. నా వల్ల కాదు అంటే అది పని మానుకోవాలి. అది చెప్పలేకే ఇన్నాళ్లూ లాక్కొచ్చాను."

డ్రైవర్ హారన్ కొడుతున్నాడు. ఎవరో మమ్మల్ని పిలుస్తున్నారు. నేను తల తిప్పబోతే ఆమె నా గడ్డం పట్టుకొని మళ్లీ తనవైపు తిప్పుకుంది. అప్పుడు అడిగింది.

"రేపు పొద్దున అది రాకముందే మా ఇంటికి రా వదినా. తలుపు నేను తీసి ఉంచను, గడియ వేసేస్తాను. అది కొడితే నువ్వే వెళ్లి తీయి. గడప దాటనివ్వకు, అక్కడే చెప్పు, అంతా చెప్పు, గుడ్డ సంగతి కూడా చెప్పు. నేను అడ్డమొస్తాను, నన్ను నాకు తెలుసు. నువ్వు అబద్ధాలాడుతున్నావంటాను. నా కూతురికీ నాకూ మధ్య దూరావంటాను. నానా మాటలూ అంటాను. నువ్వు మాత్రం ఆపకు. చెప్పడం పూర్తయ్యేదాకా పాపను నా చేతికి ఇవ్వనివ్వకు."